తొంభై ఎనిమిది పాయింట్ ఆరు

అనకాపల్లి, గవరపాలెం
జూలై 27

రాజయ్యపేట తీర సామ్రాజ్ఞి, మెత్తరొయ్యల పాలిట యమధర్మరాజు అయిన మా నూకరత్నం అప్పకి, తమ్ముడు చంద్రమౌళి నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా:

నువ్వు నా నంబరు బ్లాక్ చేసిన కారణంగా తపాలా శాఖ వారి శరణు వేడవలసి వచ్చింది. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరులో పెద్దమనిషి నన్ను పైనుంచి కిందకి చూసి, "ఏటి బాబూ, ప్రేమలేఖా?" అన్నాడు. "కాదండీ, ఆఫీసు పని" అన్నాను. నమ్మలేదు. ఈ మధ్య నా మాట నమ్మేవాళ్ళు తగ్గారు.

ఇక్కడ మన రొయ్యల ప్లాంటులో అందరూ క్షేమం. మెషీను మరీ క్షేమం. మీ పద్నాలుగు మంది టేబులు చుట్టూ నిలబడి, చేత్తో తడిమి పెంకు గట్టిపడని మెత్తరొయ్యనీ నల్లమచ్చ రొయ్యనీ ఏరేసే పని ఇప్పుడు అదే కదా చేస్తోంది. రోజూ దాని కెమెరా కన్ను తుడిచి, బెల్టు కడిగి, పసిపాపలా సాకుతున్నాం. నాకూ ప్రమోషను వచ్చింది. షిఫ్ట్ ఇన్‌చార్జిని కాస్తా "మార్పు సమన్వయకర్త"నయ్యాను. అంటే ఏమిటని బుచ్చయ్యపేట నుంచి మా అమ్మ ఫోను చేసి అడిగింది. నాకూ తెలియదన్నాను. "మరి ఏటి పెరిగింది?" అంది. "కుర్చీకి చక్రాలొచ్చాయి" అన్నాను.

విశాఖలో ఏసీ హోటల్లో రెండు రోజులు శిక్షణ కూడా ఇచ్చారు. అంశం: మారుతున్న పనిచోట నాయకుడు ఉద్యోగులకు అండగా నిలుచుట ఎట్లు? బొమ్మలతో సహా చెప్పారు. ఒక బొమ్మలో ఒకాయన కొండ మీద నిలబడి కిందవాళ్ళకి చెయ్యి అందిస్తున్నాడు. కిందవాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళు అసలు కొండ ఎందుకెక్కాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనంలో రొయ్యల వేపుడు పెట్టారు. ఒకటి మెత్తగా తగిలింది. నువ్వు గుర్తొచ్చావు.

ఇక అసలు విషయం. తలలు తీసే సెక్షన్‌లో ఇద్దరు కావాలి. పేరుకే తలలు తీయడం. రొయ్య మెషీను ఎక్కేముందు ఓసారి చెయ్యి వేసి మెత్తవి పక్కన పడేస్తే చాలు. మెషీను ఇంకా చిన్నపిల్ల, చెయ్యి పట్టుకుని నడిపించాలి. మేనేజరు త్రినాధరావు గారికి తెలియనక్కరలేదు. నువ్వూ, నీకు తోడు ఇంకొకరూ వస్తే, రెండు వారాల్లో మళ్ళీ పిలుస్తానన్న నా మాట నిలబడినట్టూ ఉంటుంది. ఆరు వారాలు దాటిందనుకో, మాట అన్నాక కొంచెం అటూ ఇటూ అవుతుంది.

విధేయుడు,
చంద్రమౌళి

---

రాజయ్యపేట
ఆగస్టు 3

గౌరవనీయులైన సారుగారికి, నూకరత్నం రాయునది.

మీ ఉత్తరం అందింది. కొర్లమ్మ సదవమంటే మన టేబులోళ్ళందరికీ ఇనబడేటట్టు సదివేను. రొయ్యల వేపుడు కాడ నవ్వేరు. "ఇద్దరు" అన్న కాడ ఎవరూ నవ్వనేదు.

నంబరు ఎందుకు ఆపేసేనో కూడా రాత్తాను. ఫోన్లో మీ నోటికి మేం పడిపోతాం. మీరు నవ్వించేత్తారు. పెట్టేసేక సూసుకుంటే సేతిలో ఏటీ ఉండదు. మా టేబులు తీసేసిన రోజు బస్సులో నిలబడి "రెండు వారాలే అప్పలారా, రెస్టు తీసుకోండి, నానే పిలుత్తాను" అన్నారు. అందరం సప్పట్లు కొట్టేం. ఇంక మాటలొద్దండి. ఏది సెప్పినా కాయితం మీద సెప్పండి.

మా సంగతి అడగనేదు గానీ రాత్తన్నాను. ఏడేళ్ళ తరవాత మళ్ళీ సేపల తట్ట నెత్తికెత్తేను. వానల్లో బోట్లు రెండ్రోజులెల్తే మూడ్రోజులు ఒడ్డునే ఉంటన్నాయి. దొరికింది పట్టుకుని నక్కపల్లి రోడ్డు మీద కూకుంటన్నాం. పద్నాలుగు మందీ ఒకే సోట కూకుంటే కొనేవోళ్ళకన్నా అమ్మేవోళ్ళే ఎక్కువ. సూసినోళ్ళు ఏదో ధర్నా అనుకుంటన్నారు.

ఇద్దరు కావాలన్నారు. సరే. ఆ ఇద్దరూ ఎవరో మీరే పేర్లు రాయండి. అక్కర్లేని పన్నెండు మంది పేర్లు కూడా రాయండి. ఎందుకు అక్కర్లేదో పక్కనే రాయండి. నాను సదివి ఇనిపిత్తాను.

ఇట్లు,
నూకరత్నం

---

అనకాపల్లి
ఆగస్టు 17

అప్పా,

నువ్వు నన్ను సారూ అన్నావు. చాలదన్నట్టు "గారు" తగిలించావు. ఆ రోజే నాకు జ్వరం వచ్చింది. డాక్టరు వైరల్ అన్నాడు. ఆయనకి మన సంగతి తెలియదు.

పేర్లు రాయడానికి కూర్చున్నాను. మొదట నీ పేరు రాశాను. రెండో పేరు దగ్గర కలం ఆగిపోయింది. కొర్లమ్మ పేరు రాస్తే ఆమె కోడలు ఊరుకోదు, కోడలి పేరు రాస్తే కొర్లమ్మ ఊరుకోదు అని ఒక జోకు వేసుకుని నాలుగు కాగితాలు చింపాను. చివరికి పద్నాలుగు పేర్లూ వరసగా రాసి చూస్తే, ఆ ప్లాంటులో అక్కర్లేనివాడి పేరు వేరే ఉందని తోచింది. అది రాయలేదు.

ఇక్కడ పరిస్థితి ఏమీ బాగాలేదు. మనం పంపిన సరుకులో మెత్తరొయ్య ఉందని కొన్నవాళ్ళు తిప్పి పంపారు. ఒకసారి కాదు, రెండుసార్లు. త్రినాధరావు గారు మీటింగు పెట్టారు. "జూన్‌లో ట్రయలు చేసినప్పుడు నూటికి తొంభై ఎనిమిది పాయింట్ ఆరు సరిగ్గా ఏరిన మెషీను ఇప్పుడు ఎనభై కూడా ఏరడం లేదంటే తప్పు మెషీనుది కాదు, దాని మీద సరుకు వేసేవాళ్ళది" అన్నారు. వేసేవాళ్ళంటే తలలు తీసే పావని, ఆమె బ్యాచీ తొమ్మిది మంది. వచ్చే నెలలో వాళ్ళని మార్చేసి కొత్తవాళ్ళని పెడతారట. "నువ్వేమంటావు?" అని నన్నడిగారు. మార్పు సమన్వయకర్తని కదా, తల ఊపాను. ఊపింది నిలువుగానో అడ్డంగానో నాకే తెలియలేదు. ఆయన మాత్రం నిలువుగా అనుకున్నారు.

బయటికొస్తే పావని గోడకి ఆనుకుని ఉంది. "మేం ఏటి తప్పు సేసేం సార్?" అంది. టీ తాగావా అని అడిగి వచ్చేశాను.

అప్పా, ఒక్క మాట అడుగుతాను. ట్రయలు రోజు నీకేమైనా తేడాగా అనిపించిందా? ఊరికే అడుగుతున్నాను. అనిపిస్తేనే రాయి.

చంద్రమౌళి

---

రాజయ్యపేట
ఆగస్టు 26

తమ్ముడా,

ట్రయలు రోజు సంగతి అడిగేవు. నాను దాసుకున్న మాట అదే. ఈ ఉత్తరం ఎవరికీ సదివి ఇనిపించడం నేదు.

ఆ ముందు వారం మెషీను రోజూ తప్పులే సేసింది. మెత్తరొయ్యని ఒగ్గేత్తాది, మంచిదాన్ని తోసేత్తాది. కంటితో సూత్తే మెత్తదనం ఏటి తెలుత్తాది? ఏలు పెడితే గదా తెలిసేది. మేం పక్కకెల్లి నవ్వుకునేవోళ్ళం. అది పోతే మా టేబులు మాకుంటాది గదా అని సంబరం కూడాను.

అప్పుడు త్రినాధరావు గారు నిన్ను మా అందరి ముందు నిలబెట్టి, "నీకన్నా రొయ్య నయం, తలకాయ తీసేసినా దానికి ఇలువుంటాది. ఈ ట్రయలు పోయిందా, నువ్వూ పోయినట్టే" అన్నారు. నువ్వు నవ్వేవు. నవ్వుకుంటానే ఐసు రూములోకి ఎల్లేవు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఐసు పొగ అప్పా" అన్నావు. ఏడేళ్ళు ఆ ఐసులో సేతులు పెట్టినోళ్ళం, మాకా సెప్తావు?

ఆ సాయంత్రం బస్సులో నానే ఎత్తేను మాట. "ఒలే, గుంటడు పోతాడే. బాత్రూముకి ఎల్తే గడియారం సూడని ఇన్‌చార్జి ఈడొక్కడే మనకి దొరికేడు" అన్నాను. కొర్లమ్మ ఒద్దంది. "మెషీనుకి సాయం సేత్తే అది మన పని తినేత్తాదే, ఒద్దే" అంది. నానే దాని నోరు మూయించేను. "ఒక్క పూటే గదా. బాబు గట్టెక్కుతాడు. మెషీను సంగతి తరవాత ఆడే సూసుకుంటాడు" అన్నాను.

మర్నాడు మొదటి బస్సుకి వచ్చి, తలలు తీసే కాడ కూకుని, మెత్తవన్నీ ఏరేసి వేరే తొట్టెలో కిందకి తోసేసేం. నల్లమచ్చ బాగా తెలిసేవి మాత్రం కొన్ని ఉంచేం, మెషీను దొరకబుచ్చుకోవాల గదా. దొరకబుచ్చుకున్నాది. పెద్దోళ్ళందరూ సప్పట్లు కొట్టేరు. మేమూ కొట్టేం. నీ మొకంలోకి రంగు వచ్చింది. మా పని అయిపోయిందనుకున్నాం. నిజంగానే అయిపోయింది.

పదమూడు మంది నోటికాడ కూడు నాను తీసేను తమ్ముడా. కొర్లమ్మ నన్ను ఏటీ అనదు. తట్ట నెత్తికెత్తేటప్పుడు సాయం పడతాది. మొకం మాత్రం సూడదు. ఏటైనా అంటే బాగున్ను.

ఇప్పుడు పావని ఆళ్ళ మీదకి వచ్చిందంటన్నావు. అది నాను పడనేను. నీకు ఇదేటీ తెల్దు, నువ్వు ఏ తప్పూ సెయ్యనేదు. ఈ ఉత్తరం త్రినాధరావు గారికి సూపించీ. తప్పంతా నాదే అని రాత్తన్నాను. కింద సంతకం పెట్టేను. నీ ఉద్యోగం జాగర్త.

నీ అప్ప,
నూకరత్నం

---

అనకాపల్లి
సెప్టెంబరు 4

అప్పా,

ఈ ఉత్తరంలో హాస్యం లేదు. ఎక్కడైనా కనిపిస్తే అది అలవాటు కొద్దీ దొర్లినదని గ్రహించి క్షమించు.

నాకు తెలుసు. ఆ రోజే తెలుసు.

ట్రయలు రోజు ఉదయం, మెషీను ఎక్కబోయే తొట్టెలో చెయ్యి పెట్టాను. నేను చేరిన మొదటి వారంలో "సూడకు, తడుము" అని నువ్వే నేర్పావు కదా. మోచేతి దాకా పెట్టి కలియతిప్పాను. ఒక్కటంటే ఒక్క మెత్తరొయ్య తగలలేదు. సముద్రంలో గానీ చెరువులో గానీ అంత సుగుణవంతమైన రొయ్యలు పుట్టవు. తలెత్తి చూస్తే మీరు పద్నాలుగు మందీ నన్నే చూస్తున్నారు. నేను చూసేసరికి తలలు తిప్పేసుకున్నారు. అంతా అర్థమైంది. చెయ్యి తుడుచుకుని, మెషీను ఆన్ చెయ్యమన్నాను.

వచ్చింది తొంభై తొమ్మిది పైన. రిపోర్టులో 98.6 రాశాను. మరీ ఎక్కువైతే నమ్మరని. అబద్ధానికి దశాంశం పెట్టినవాణ్ణి నేను. ఎంబీఏలో నేర్చుకున్నది ఉపయోగపడిన సందర్భం అదొక్కటే.

మెషీను సంగతి తరవాత ఆడే చూసుకుంటాడని అన్నావట. చూసుకున్నాను. నాలుగో రోజున మీ టేబులు నట్లు విప్పుతుంటే పక్కన నిలబడి చూసుకున్నాను. ఆ సాయంత్రమే బస్సెక్కి రెండు వారాలే అన్నాను. మళ్ళీ పిలవరని అప్పటికే నాకు తెలుసు.

మొన్న ట్రయలు రోజు తేడా అనిపించిందా అని అడిగాను కదా. అది కూడా ఊరికే అడగలేదు. నువ్వు ఒప్పుకుంటే నేను ఒప్పుకోనక్కరలేదని అడిగాను.

ఇంతకన్నా చెడ్డది ఇంకోటి ఉంది. నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. చూపిస్తే పావని వాళ్ళు బయటపడతారు, నా ఉద్యోగం నిలుస్తుంది, నువ్వెలాగూ బయటే ఉన్నావు. "నువ్వెలాగూ బయటే ఉన్నావు" అని నిజంగానే, ఇవే మాటలతో అనుకున్నాను అప్పా. రెండో రోజు త్రినాధరావు గారి గది తలుపు దాకా వెళ్ళాను. ఆయన భోజనానికి వెళ్ళారు. అందుకే నువ్వు బతికిపోయావు, నా మంచితనం వల్ల కాదు.

ఇప్పుడేం చెయ్యాలో చెప్పు.

చంద్రమౌళి

---

రాజయ్యపేట
సెప్టెంబరు 12

సెంద్రమౌళీ,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయేను. పెట్టనేదు. నాలుగు రోజులు దాన్ని ముట్టనూ నేదు.

నీకు తెల్దనుకుని నాను జాలిపడ్డాను. నీకు తెలుసని నాకు తెల్దు గదా అని నువ్వు నవ్వించేవు. మెషీను సంగతి సరే, మనిద్దరం ఒకళ్ళనొకళ్ళం ఎంత బాగా మోసం సేసుకున్నామో సూడు.

ఏటి సెయ్యాలో సెప్పమన్నావు. అదీ నానే సెప్పాలేటి? నీకు సదువు సెప్పించినోళ్ళు, హోటల్లో బొమ్మలు సూపించినోళ్ళు ఇంతమంది ఉండగా తట్ట మోసుకునేదాన్ని నాను దొరికేనా? సెప్తాను, ఇను.

ఏడుపు నాకు రాయకు. ముందు ఆ గదిలోకి ఎల్లు. ఆయన భోజనానికెల్తే తలుపు కాడే కూకో. నీ నోటితో నీ తప్పు సెప్పు. నా ఉత్తరం సూపించకు, అది జాలి మీద రాసింది, ఇప్పుడు సెల్లదు.

తరవాత ఇక్కడికి రా. బస్సులో పద్నాలుగు మంది ముందు అన్న మాట పద్నాలుగు మంది ముందే ఎనక్కి తీసుకోవాల. నాను ఆళ్ళకి సెప్పను. నీ ఉత్తరం సదివి ఇనిపించను. నువ్వే రా.

నూకరత్నం

---

అనకాపల్లి
సెప్టెంబరు 25

అప్పా,

వెళ్ళాను. ఆయన భోజనానికి వెళ్ళలేదు. అదొక్కటే ఆశ ఉండేది.

నిలబడే చెప్పాను. తొట్టెలో చెయ్యి పెట్టడం దగ్గర మొదలుపెట్టి బస్సు దాకా. మీరు సాయం చేశారని చెప్పక తప్పలేదు. ఎందుకు చేశారో కూడా చెప్పాను. ఐసు రూము సంగతితో సహా. త్రినాధరావు గారు అరుస్తారని కాళ్ళు గట్టిగా పెట్టుకుని నిలబడ్డాను. అరవలేదు.

"తెలిసి కూడా ఎందుకు రాశావు?" అన్నారు.

"భయమేసింది సార్."

"ఎవరంటే?"

గదిలో ఉన్నది ఇద్దరమే కాబట్టి ఆయనకి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"మెషీను పనికిరాలేదని ఆ రోజే నువ్వు వచ్చి చెప్పుంటే నేనేం చేసేవాణ్ణి?" అన్నారు.

"తీసేసేవారు సార్."

"నిన్నా, మెషీన్నా?"

"నన్నే సార్. మెషీను మళ్ళీ దొరకదు."

నవ్వుతారనుకున్నాను. కిటికీలోంచి యార్డు వైపు చూస్తూ "తీసేసేవాణ్ణే" అన్నారు. నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

గురువారం మళ్ళీ ట్రయలు పెట్టారు. లారీలోంచి దిగిన సరుకు దిగినట్టే, ఎవరూ చెయ్యి వేయకుండా. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. డెబ్భై ఒకటి. ఏ దశాంశమూ పెట్టలేదు. సైజు బాగా చూస్తోంది, నల్లమచ్చ బాగానే పడుతోంది, మెత్తది మాత్రం దాని వల్ల కాదు. అదే మాట ట్రయలుకి ముందే మీ పద్నాలుగు మందిలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పావని వాళ్ళ దగ్గరికి త్రినాధరావు గారే వెళ్ళి "మీ తప్పు లేదమ్మా" అన్నారు. మరీ గట్టిగా అనలేదు గానీ తొమ్మిది మందికీ వినిపించింది.

ఇప్పుడు నీకు నచ్చని మాట. టేబులు మళ్ళీ వేస్తున్నారు, కానీ ఎనిమిది మందికే. సైజు, మచ్చ మెషీను చూసుకుంటుంది కాబట్టి అంతకన్నా పని లేదట. బతిమాలాను, వాదించాను, నాకు వాదించే అర్హత లేదని గుర్తుచేశారు. సాయంత్రంలోగా ఎనిమిది పేర్లు ఇమ్మన్నారు. ఇవ్వనన్నాను. ఇది ధైర్యం అనుకోకు, రెండు పేర్లకే జ్వరం తెచ్చుకున్నవాణ్ణి. వాళ్ళనే అడిగి చెబుతానంటే పది రోజులు గడువిచ్చారు.

నన్ను ఐసు సెక్షన్‌కి వేశారు. అక్కడ అసలు కుర్చీయే లేదు.

ఆదివారం పొద్దున్న రాజయ్యపేట వస్తున్నాను. అందరూ ఉండేలా చూడు. నిజం చెప్పాలంటే, ఎవరూ ఉండకపోతే బాగుణ్ణని ఉంది. అయినా చూడు.

చంద్రమౌళి

---

రాజయ్యపేట
సెప్టెంబరు 30

తమ్ముడా,

నువ్వెల్లిపోనాక ఏటయిందో రాత్తన్నాను.

నువ్వొచ్చి బోటు పక్కన నిలబడి ముందు ఏదో నవ్వుమాట ఎత్తుకోబోయేవు. "నవ్వించకు. సెప్పు" అంది గదా కొర్లమ్మ. నువ్వు అంతా సెప్పేవు. రెండు వారాలన్నప్పుడు మా మొకాలు సూసేవా అని కొర్లమ్మ అడిగితే, సూసేను, అందుకే బేగి దిగిపోనాను అన్నావు. దానికి ఎవరూ ఏటీ అననేదు. అది సూసి, అందరూ ఒగ్గేసేరులే అనుకుని ఆటో ఎక్కేవేమో. ఒగ్గెయ్యనేదు. నీ ఆటో మలుపు తిరిగేక గంట సేపు తిట్టేం. నీ సదువుని, నీ నవ్వుని, నీ దశాంశాన్ని. తరవాత నన్ను తిట్టేరు. బాగా తిట్టేరు. మూడు నెల్ల తరవాత కొర్లమ్మ నా మొకం సూసి తిట్టింది. ఆ రోజు అన్నం సయించింది నాకు.

ఎనిమిది మందన్నావు. ఎనిమిది మంది కాదు, పద్నాలుగు మందిమీ వత్తాం. రోజుకి ఎనిమిది మంది టేబులు కాడ, ఆరుగురు ఇక్కడ తట్టల కాడ, వంతులు. ఎవరి వంతు ఏ రోజో కొర్లమ్మ సెప్తాది, నాను కాదు. నా మాట ఒకసారి ఇన్నారు, సాలంట. ఎవరికీ పూర్తి కూడు దొరకదు, ఎవరికీ పూర్తిగా పోదు. త్రినాధరావు గారు ఒప్పుకోకపోతే ఎనిమిది మంది కాదు, ఒక్కరూ రారు. ఈ కాయితమే ఆయనకి సూపించు, ఇది జాలి మీద రాసింది కాదు.

ఇంకో మెషీను వత్తే మేం అడ్డం పడుకోం. రానీ. వచ్చిన మొదటి రోజే మమ్మల్ని దాని ముందు నిలబెట్టి, ఇది ఏటి సెయ్యనేదో సెప్పండే అని అడగమను. ఏడేళ్ళు ఆ రొయ్యల్లో సేతులు పెట్టినోళ్ళం. నీ హోటల్లో ఆ బొమ్మ గీసినోడికి కూడా సెప్పు, పైనుంచి సెయ్యి ఇచ్చేముందు కిందకి దిగి ఒకసారి అడగమను.

సోమవారం మొదటి బస్సుకి ఎనిమిది మంది వత్తారు. అందులో నాను ఉండను. నా వంతు బుధవారం.

కొర్లమ్మ ఒక మాట రాయమంది. పని సేత్తాం గానీ సాయం మాత్రం ఇంక సెయ్యం. ఈసారి నువ్వు పడిపోయేలా ఉంటే పట్టుకోం, దాసం, కప్పెట్టం. పడనిత్తాం. అందరికీ కనపడేలా పడు.

అప్పుడొచ్చి లేవదీత్తాం.

నీ అప్ప,
నూకరత్నం